నేను తీసేసిన పదకొండు వరుసలు

నా పని ఏమిటని ఎవరైనా అడిగితే నాకు చిరాకు. అడిగినవాళ్ళ తప్పు కాదు. చెప్పడం మొదలుపెట్టిన రెండో నిమిషానికే వాళ్ళ చూపు పక్కకు పోతుంది, మూడో నిమిషానికి "అంటే కంప్యూటర్లు రిపేరు చేస్తావన్నమాట" అని వాళ్ళే తేల్చేస్తారు. అవునండీ, అదే, అంటాను. ఆ లెక్కన పన్నెండేళ్ళుగా సూరత్‌లో నేను కంప్యూటర్లు రిపేరు చేస్తున్నాను. ఇంతవరకు ఒక్కటి కూడా విప్పి చూడలేదు.

ఇక్కడ మాత్రం సరిగ్గా చెప్పాలి. చెప్పకపోతే మా బాపుకు, అంటే మా నాన్నకు, నేను చేసిన అన్యాయం ఏమిటో అర్థం కాదు.

సూరత్ శివార్లలో సచిన్ అనే పారిశ్రామిక ఎస్టేటులో మాదొక చిన్న కంపెనీ. మగ్గాలకు పెట్టే ఎలక్ట్రానిక్ డబ్బాలు తయారుచేస్తాం. అరచేతిలో పట్టేంత డబ్బా. దారాన్ని మోసే నాడె అటునుంచి ఇటు వచ్చిన ప్రతిసారీ పేక పోగు, అంటే అడ్డపోగు, పడిందా లేదా అని అది చూస్తుంది. పోగు తెగిపోతే మగ్గాన్ని ఆపేస్తుంది. నేసేవాడు వచ్చి పోగు ముడేసి మళ్ళీ నడుపుకుంటాడు. ఈ డబ్బా లేని రోజుల్లో ఆ పని కళ్ళతోనే చేసేవాళ్ళు. ఒక్కో మనిషి ఆరు మగ్గాల మధ్య తిరుగుతూ, ఏ పోగు ఎక్కడ తెగుతుందోనని పన్నెండు గంటలూ చూస్తూనే ఉండేవాడు.

డబ్బాలో ఒక బోర్డు ఉంటుంది. బోర్డు మీద చిన్న దీపం, దానికి ఎదురుగా ఒక కన్ను. దీపం వెలుగుతుంది, కన్ను చూస్తుంది. మధ్యలో పోగు అడ్డం ఉంటే కంటికి చీకటి. పోగు లేకపోతే వెలుతురు. చీకటిగా ఉంటే మగ్గం నడవాలి, వెలుతురు కనిపిస్తే ఆగాలి. ఇంతే సంగతి. చిక్కు ఎక్కడంటే, దీపం వెలిగిన క్షణమే ఆ కంటికి వెలుతురు తెలియదు. కాస్త ఆగి అడగాలి. ఎంత ఆగాలన్నది బోర్డును బట్టి ఉంటుంది. మా సేఠ్ ఒక ఏడాది ఒకచోట ఆ కళ్ళను కొంటాడు, మరో ఏడాది ఇంకోచోట కొంటాడు. ఒకటి చురుకు, ఒకటి మందం. బయటినుంచి చూస్తే డబ్బాలన్నీ ఒక్కలాగే ఉంటాయి.

డబ్బాలో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఈ తేడాలన్నీ తెలియవు. దానికి చెప్పేది డ్రైవర్. డ్రైవర్ అంటే బండి నడిపే మనిషి కాదు, ఫలానా హార్డ్‌వేర్‌తో ఎలా మెలగాలో చెప్పే ప్రోగ్రాము. అందులో ఒక పట్టిక ఉంటుంది. ఒక్కో రకం బోర్డుకు ఒక్కో వరుస. దీపం ఎంత వెలగాలి, వెలిగాక ఎంత ఆగాలి. ఆ వరుసలు రాసేది నేను. సెకనును పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఇరవై ముక్కలా, అరవై ముక్కలా అని తేల్చడానికి రెండేసి రోజులు కూర్చుంటాను. బోర్డును వేడిచేసి చూస్తాను, చల్లబరచి చూస్తాను. జుట్టు ఆరబెట్టుకునే మిషను నాకు ఆఫీసులో ఒకటి ఉంది. నా జుట్టు మీద దాన్ని ఎప్పుడూ వాడలేదు.

గాజు గదిలో ఒక్కదాన్నే కూర్చుంటాను. బయట టీ దగ్గర మిగతావాళ్ళు నవ్వుకుంటూ ఉంటారు. మంచివాళ్ళే, పిలుస్తారు కూడా. వెళ్ళి నిలబడితే క్రికెట్టు, పిల్లల స్కూళ్ళు, ఎవరో కొన్న ఫ్లాటు. ఆ రోజు నేను కనిపెట్టిన విషయం, ఫలానా కన్ను ఎండాకాలంలో ఎందుకు మందగిస్తుందో అన్నది, నా నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఎవరికి చెప్పను? నేను రాసినదాన్ని సరిచూసే ఆయన పుణెలో ఉన్నాడు. ఆయన ముఖం నేను చూడలేదు. పంపిన ప్రతిదానికీ "ఓకే" అని రాస్తాడు. పన్నెండేళ్ళలో నా పనిని పూర్తిగా చదివిన మనిషి ఆయనొక్కడే. ఆయన నాతో అన్న మాట అదొక్కటే.

ఇంట్లో మా బాపు. సిరిసిల్ల పక్క ఊరినుంచి చిన్న వయసులోనే సూరత్ వచ్చి, ఇక్కడి బమ్రోలిలో మగ్గం పట్టాడు, ఇప్పటికీ అదే పని. అమ్మ పోయి ఆరేళ్ళయింది. రెండు గదుల ఇంట్లో మేమిద్దరమే. మగ్గాల మోతకు ఆయన చెవులు సగం పోయాయి. ఏదైనా చెప్పాలంటే అరవాలి. అరిచి చెప్పేంత సంగతులు రోజూ ఎక్కడుంటాయి? "తిన్నవా బిడ్డా?" "తిన్న బాపు." ఆయన నీళ్ళు పోసుకుని పడుకుంటాడు, నేను ఫోను చూసుకుంటాను. కొట్లాడుకున్నది లేదు, మాట్లాడుకున్నదీ లేదు.

ఇక నేను చేసిన పని చెబుతాను.

కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలని సేఠ్ పట్టుబట్టాడు. ఖార్ఖానా యజమానులు ఫోనులోనే ఏ మగ్గం ఎంత నడిచిందో చూసుకోవాలట. ఆ పని మీద డ్రైవర్ తెరిచాను. పట్టిక చాంతాడంత ఉంది. నలభైకి పైగా వరుసలు. అందులో పదకొండు రకాలు మేము తయారుచేయడం మానేసి ఏళ్ళు దాటింది. ఇల్లు సర్దుతుంటే పాత సామాను మీద కోపం వచ్చినట్టు నాకు ఆ పట్టిక మీద కోపం వచ్చింది. మాల్ పంపించే గుజరాతీ అన్న దగ్గరికి వెళ్ళి ఏ రకాలు ఇంకా బయట నడుస్తున్నాయని అడిగాను. ఆయన రిజిస్టరు తిరగేసి, "వో సబ్ వాపస్ ఆ గయా, బెన్. కోయీ నహీ చలాతా అబ్" అన్నాడు. అన్నీ వెనక్కి వచ్చేశాయి, ఎవరూ వాడటం లేదట. ఇంకేం కావాలి నాకు? పదకొండు వరుసలు తీసేశాను.

తీసేస్తున్నప్పుడు ఏడో రకం దగ్గర ఒక్క క్షణం ఆగాను. అది నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కూర్చుని తేల్చిన బోర్డు, నా మొదటిది. వరుస పక్కన నా చేత్తోనే రాసుకున్న మాట ఉంది: 'వేడెక్కితే నెమ్మదిస్తుంది. అరవై కంటే తగ్గించవద్దు.' చదివి నవ్వుకున్నాను. ఎంత అతి జాగ్రత్త పిల్లనో అప్పుడు! ఆ మాటను కూడా తీసేశాను.

ఒకవేళ పట్టికలో లేని బోర్డు ఎక్కడైనా తగిలితే ఏం చేయాలి? రెండు దారులు. ఒకటి, ఎర్రదీపం వెలిగించి నడవనని మొండికేయడం. రెండోది, అందరికీ సరిపోయే మామూలు అంకె, ఇరవై, పెట్టుకుని నడిచిపోవడం. మొదటిదే సరైన దారి. అది నాకు తెలుసు. కానీ ఎర్రదీపం వెలిగితే సర్వీసువాళ్ళు ఫోన్లు చేసి నా తల తింటారు. ఆ ఫోన్లు పడలేక రెండో దారి పెట్టాను. పుణె ఆయనకు పంపాను. "ఓకే" అన్నాడు.

ఫిబ్రవరి చివర్లో సర్వీసువాళ్ళు ఖార్ఖానాలన్నీ తిరిగి కొత్తది ఎక్కించారు. అందరూ బాగుందన్నారు. నాక్కూడా మనసు తేలికైంది.

ఆ తర్వాత మా బాపు వింతగా ప్రవర్తించడం మొదలుపెట్టాడు. ఆదివారం పొద్దున కిటికీ దగ్గర కూర్చుని తన లుంగీ అంచును వెలుతురుకు పట్టుకుని పోగులు లెక్కపెట్టేవాడు. నేతగాళ్ళ దగ్గర చిన్న భూతద్దం ఉంటుంది, అంగుళంలో ఎన్ని పోగులున్నాయో చూసేది. ముందు అద్దం లేకుండా లెక్కపెట్టి, తర్వాత అద్దంతో చూసుకుని, పెదవులు కదిలిస్తూ మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఒకరోజు సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చున్నాడు. ఎక్కించడం, తీసేయడం, మళ్ళీ ఎక్కించడం.

"ఏంది బాపు, ఏం కుట్టాలె? ఇటియ్యి, నేను కుడత" అని అరిచాను.

"ఏం లేదు బిడ్డా. ఊకెనే."

"ఊకెనే సూదితోని ఆడుకుంటరా ఎవరన్న?"

ఆయన నవ్వి సూదిని డబ్బాలో పెట్టేశాడు. నేను గిన్నెలు తోముకోవడానికి వెళ్ళిపోయాను. ఓసి నా తెలివి తెల్లారా!

ఇంకో ఆదివారం ఆయనే, ఎన్నడూ లేనిది, "డుమస్ పోదామా" అన్నాడు. వెళ్ళాం. సాయంత్రపు ఎండలో సముద్రం దూరంగా బురద రంగులో ఉంది. నేను టమాటా భజియా తెచ్చాను. ఆయన ఒక్క ముక్క తిని దూరానికి చూస్తూ, "అగో, ఆ నల్లగ కనబడుతున్నయి ఓడలేనా? ఎన్నున్నయి చెప్పు" అన్నాడు.

"మూడు."

"నాకూ మూడే కనబడుతున్నయి" అన్నాడు. మళ్ళీ, "ఆ కడకు ఉన్నది ఏ రంగు?" అన్నాడు.

"ఓడ రంగుతోని నీకేం పని బాపు? భజియా సల్లారిపోతుంది తిను" అని కసిరాను. ఆయన తిన్నాడు. ఆ రోజు ఆయన ముఖం ఒక్కసారి సరిగ్గా చూసి ఉంటే అడిగేదాన్నేమో. చూడలేదు. పక్కనే కుటుంబాలు కుటుంబాలుగా జనం, అరుపులు, ఫొటోలు. మేమిద్దరం ఒకే కాగితం పొట్లంలోంచి తింటూ చెరో దిక్కు చూస్తూ కూర్చున్నాం. తర్వాతి వారం ఆయన కళ్ళద్దాలు తెచ్చుకున్నాడు. పెట్టుకుంటే ముక్కు మీద నుంచి జారేవి. వయసు కదా అనుకున్నాను.

ఏప్రిల్లో నా బల్ల మీదికి ఫిర్యాదుల కట్ట వచ్చింది. నెలకోసారి వస్తుంది, సంతకం పెట్టి పంపాలి. అందులో ఒక కాగితం బమ్రోలి ఖార్ఖానాది. ఒకే వరుసలోని ఆరు మగ్గాల మీద బట్టలో పేక తప్పిన గీతలు వస్తున్నాయి, డబ్బాలు ఆపడం లేదు అని ఫిర్యాదు. కింద మా సర్వీసు మనిషి రాసింది: 'ఉదయం వెళ్ళి పరీక్షించాను. డబ్బాలు బాగానే ఉన్నాయి. మధ్యాహ్నం భోజనం తర్వాతే గీతలు వస్తున్నాయి. నేసే మనిషి పెద్ద వయసువాడు, కళ్ళు సరిగా లేవు, కునుకు తీస్తున్నట్టుంది. మనిషిని మార్చారు. సమస్య తీరింది.' ఆ పక్కన గడిలో బోర్డు రకం. ఏడు.

పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నం తప్పుతుంది. వేడెక్కితే నెమ్మదిస్తుంది. ఇరవైకే అడిగితే ఆ కన్ను ఇంకా తెరుచుకోదు, దానికి చీకటే కనిపిస్తుంది. చీకటి అంటే పోగు ఉన్నట్టు లెక్క. పోగు తెగినా మగ్గం నడుస్తూనే ఉంటుంది. మనిషిని మార్చినా గీతలు ఆగవు, కాకపోతే కొత్తవాడు కళ్ళు చిట్లించుకుని చూసుకుంటూ నడుపుతుండాలి. అప్పటికి కూడా నా బుర్రకు తట్టింది ఇంతే: ఎవరో ముసలాయన నా మూలంగా మాట పడ్డాడు. ఖార్ఖానా పేరు రెండోసారి చదివాను. అది మా బాపు పనిచేసే చోటు.

అన్నేళ్ళలో ఆ ఖార్ఖానాలోకి నేను ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు. మా ఇంటికి పదిహేను నిమిషాల నడక. ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని, ఆఫీసులో ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కాను. దారి పొడుగునా ఒకటే మొక్కుకున్నాను, ఆ మనిషి బాపు కాకూడదని. వేరే ముసలాయన ఎవరైనా అయితే ఫర్వాలేదన్నమాట. అంత మంచిదాన్ని నేను.

మధ్యాహ్నం రెండు దాటింది. లోపల మోతకు ఛాతీ అదిరింది. పడమటి గోడ మొత్తం రేకు. ఆ రేకు వెంబడే ఆరు మగ్గాల వరుస, వాటి మధ్య ఒడిశా మనిషి ఒకడు అటూ ఇటూ పరుగెత్తుతున్నాడు. మా బాపు కనిపించలేదు. తలుపు పక్కన మూలలో చిందీల కుప్ప, అంటే వ్యర్థపు దారాల కుప్ప, ఉంది. ఆ కుప్ప ముందు నేల మీద కూర్చుని, కళ్ళద్దాలు పెట్టుకుని, రంగురంగుల దారాలు వేరుచేస్తున్నాడు. నలభై ఏళ్ళు మగ్గం నడిపిన మనిషి. నన్ను చూసి, దొంగతనం చేస్తూ దొరికినవాడిలా లేచి నిలబడ్డాడు.

"నువ్వెందుకు అచ్చినవ్ బిడ్డా? ఇంట్ల ఏమన్న అయిందా?"

"నువ్వు మగ్గం మీద ఎందుకు లేవు?"

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. వినబడనట్టు. వినబడింది.

ఖార్ఖానాలో పని చూసే మేస్త్రీ వచ్చాడు. మావాడే, కరీంనగర్ వైపు మనిషి, బాపు కంటే చాలా చిన్నవాడు. నన్ను బయట నీళ్ళ డ్రమ్ము దగ్గరికి తీసుకెళ్ళాడు. "అక్కా, తప్పుగ అనుకోకు. మీ బాపును, మా కాకాను, నేను తీసెయ్యలే. రెండు నెలలసంది గీతలే గీతలు. మాల్ వాపస్ అస్తున్నది. కాకానే అచ్చి నా కండ్లు పోయినయి రా, నన్ను తీసెయ్ అన్నడు. నేనే ఉండుమని ఈ పని ఇచ్చిన."

"డబ్బాలు సూడలేదా? డబ్బాలు తప్పని ఎవరూ అనలేదా?"

"అన్న. అనకుంట ఉంటనా? అవి పాతయి, ఓ బంద్ అయిన ఖార్ఖానల కొన్నయి. కొత్తయి పెట్టిస్త కాకా, ఇవి ఖరాబైనట్టున్నయి అన్న. నామీద లేసిండు. ఎన్నడు లేంది ఒర్రిండు. అవి మా బిడ్డ చేసిన డబ్బాలు, అవి తప్పు చెయ్యయి, ఇంకోపారి అన్నవంటే బాగుండదు అన్నడు. ఇంక నేనేమంట?"

నేను డ్రమ్ము అంచు పట్టుకుని నిలబడ్డాను. ఉద్యోగంలో చేరిన ఏడాది, నా మొదటి బోర్డును, ఆ ఏడో రకాన్నే, ఇంటికి తెచ్చి ఆయనకు చూపించాను. అదొక్కసారే. ఇదేం చేస్తుందో అరిచి అరిచి చెప్పాను. ఆయన చేతిలో పెట్టుకుని తిప్పి చూసి ఇచ్చేశాడు. ఆ తర్వాత నా పని గురించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ బోర్డున్న డబ్బాలు ఏ ఖార్ఖానాలోనో మూలబడి తన మగ్గాలకు వస్తే, మూత తీసి లోపలి బోర్డు చూసి గుర్తుపట్టాడన్నమాట. నాతో ఒక్క మాట అనలేదు. పక్క వరుసలకు కొత్త డబ్బాలు వచ్చినా తనవి మార్చనివ్వలేదట. తీరా అవి తప్పు చేసినప్పుడు, వాటిని అనుమానించడం కంటే తన కళ్ళు పోయాయనుకోవడమే ఆయనకు సుళువైంది.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. లోపలికి వెళ్ళి బాపు చెయ్యి పట్టుకుని రేకు గోడ దగ్గరి మగ్గం వద్దకు లాక్కొచ్చాను. ఒడిశా మనిషిని పక్కకు జరగమన్నాను. మేస్త్రీని కూడా పిలిచాను.

"బాపు, పోగు తెంపు."

ఆయన నా ముఖం చూశాడు. నడుస్తున్న మగ్గంలో చెయ్యి పెట్టి, అలవాటైన వేళ్ళతో పేక పోగును తెంపాడు. మగ్గం ఆగలేదు. ఠకఠకమని నడుస్తూనే పోయింది, బట్టలో పేక లేని గీత పడుతూ పోయింది. మేస్త్రీ మగ్గం ఆపాడు. నేను నేల మీద కూర్చుని డబ్బాకు వైరు తగిలించి, ల్యాప్‌టాప్‌లో ఆ వరుసను తిరిగి రాశాను. ఏడో రకం. అరవై. చెమటతో వేళ్ళు జారుతున్నాయి. రాయడానికి నిమిషం కూడా పట్టలేదు.

"మల్ల తెంపు."

తెంపాడు. మగ్గం టక్కున ఆగింది. ముడేసి నడిపి మళ్ళీ తెంపాడు. ఆగింది. నేను చెప్పకుండానే మూడోసారి కూడా తెంపాడు. ఆగింది. కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, వంగి డబ్బాను చూశాడు.

"నీ కండ్లు మంచిగున్నయి బాపు. డబ్బా తప్పు. కాదు, డబ్బాది గూడ కాదు. నేను చేసిన. దాంట్ల ఉండే మాట ఒకటి నేనే తీసేసిన. చూసుకోకుంట తీసేసిన."

అంత మోతలోనూ ఆయనకు ప్రతి మాటా వినిపించిందని తెలుసు. సంతోషిస్తాడనుకున్నాను. కనీసం తిడతాడనుకున్నాను. తిడితే ఎంత బాగుండేది! ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, మేస్త్రీకి కనబడకుండా అటు తిప్పి, నా చెవిలో అన్నాడు.

"గిట్ల అందరి ముంగట చెప్పకు. నాదేమున్నది, ఇంక రెండేండ్లు. ఈ చిందీల పని గూడ పనే. నీకు ఉద్యోగం ఉన్నది. నీ పేరు ఖరాబ్ చేసుకోకు."

"నా పేరు ఏం గావాలె బాపు నాకు? రెండు నెలలు సూదిల దారం ఎక్కించుకుంట కూసున్నవ్, నాకు ఒక్క మాట చెప్పకపోతివి!"

"నువ్వు ఆఫీసు నుంచి అలిసిపోయి అస్తవ్" అన్నాడు.

నేను మేస్త్రీ వైపు తిరిగి గట్టిగా అంతా చెప్పాను. తప్పు మా కంపెనీది, అందులో నాది, కాకాది కాదు అని. మేస్త్రీ తన కళ్ళతో చూశాడు కాబట్టి వాదించలేదు. తల గోక్కున్నాడు. "రేపటిసంది కాకా మగ్గాలు కాకావే" అన్నాడు. మిగతా ఐదు డబ్బాలు సరిచేసేసరికి నాలుగున్నర అయింది. ఆఫీసుకు వెళ్ళి సేఠ్‌కు చెబితే ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఠీక్ హై, సుధార్ దియా నా? లిఖనా మత్" అన్నాడు. సరిచేశావు కదా, కాగితం మీద పెట్టకు. పెట్టాను. సర్వీసు మనిషి రాసిన దాని కింద, నేసిన మనిషి తప్పేమీ లేదని రాసి సంతకం చేశాను. పదకొండు వరుసలూ తిరిగి పట్టికలో పెట్టాను. తెలియని బోర్డు తగిలితే ఎర్రదీపం వెలిగేలా మార్చాను. ఇప్పుడు సర్వీసువాళ్ళు ఫోన్లు చేసి నా తల తింటున్నారు.

బాపు మగ్గాల మీదికి తిరిగి వెళ్ళాడు. నాకు నిద్ర పట్టడం మొదలైంది. అంతా సర్దుకుందనుకున్నాను. కానీ సాయంత్రం ఇంటికి వస్తే ఆయన కళ్ళు ఎర్రగా ఉండేవి. మోకాళ్ళు పట్టుకుని కూర్చునేవాడు. కళ్ళద్దాలు మాత్రం మళ్ళీ పెట్టుకోలేదు.

మే నెలలో నాకు సెలవైన ఒకరోజు, ఆయన అన్నం డబ్బా మర్చిపోయి వెళ్ళాడని పట్టుకుని ఖార్ఖానాకు వెళ్ళాను. మిగతా వరుసల్లో నేసేవాళ్ళు బల్లల మీద కూర్చుని ఉన్నారు. మగ్గం ఆగితే లేచి వెళ్ళి ముడేసి వస్తున్నారు. డబ్బాలు వచ్చాక అందరూ అంతే, మా బాపు కూడా మధ్యాహ్నం పూట అలాగే కూర్చునేవాడని మేస్త్రీ చెప్పాడు. ఆ రోజు బాపు కూర్చోలేదు. ఆరు మగ్గాల మధ్య నిలబడి, మెడ ముందుకు చాచి, ఒక్కో మగ్గంలో పడే పోగును కళ్ళు ఆర్పకుండా చూస్తూ తిరుగుతున్నాడు. డబ్బాలు లేని కాలంలో తిరిగినట్టు. రేకు వేడికి చొక్కా అంతా తడిసి ఉంది. నేను వచ్చింది కూడా గమనించలేదు.

దగ్గరికి వెళ్ళి భుజం తట్టాను.

"ఏంది బాపు గిట్ల? కూసో జర. డబ్బాలు చూసుకుంటయి. మంచిగ చేసిన కద."

"కూసుంట."

"పొద్దటిసంది నిలబడే ఉన్నవట. నా మీద నమ్మకం లేదా?"

అలా అడగకుండా ఉండాల్సింది. ఆయన ఒక మగ్గం నుంచి చూపు తిప్పకుండానే, నాకు వినబడేంత గట్టిగా అన్నాడు.

"నమ్మకం లేక కాదు బిడ్డా. అప్పుడంటే నా కండ్లు పోయినయని చెప్పిన, అందరు నమ్మిండ్రు. ఇప్పుడు గట్ల చెప్పినా ఎవరు నమ్మరు. మల్ల గీత పడితే నిన్నే అంటరు."

అన్నం డబ్బా ఇంకా నా చేతిలోనే ఉంది. ఆయన అప్పటికే పక్క మగ్గం వైపు నడిచాడు.